పొలం అమ్మే ముందు నిమ్స్‌కు వెళ్ళండి

మీ భార్యకు మెదడు రక్తనాళాలు సన్నబడే మోయామోయా జబ్బని తేలిందని, మెదడు బైపాస్ ఆపరేషన్‌కు ప్రైవేటు ఆసుపత్రి ఆరు లక్షలు అడిగిందని, ఎకరం పొలం బేరం పెట్టానని రాశారు. బేరం ఆపండి. మా తమ్ముడికి తలలో ఆపరేషన్ అన్నప్పుడు మేమూ కంగారుపడి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఆ అప్పు ఇంకా తీరలేదు.

రిపోర్టులతో హైదరాబాద్ పంజాగుట్టలోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో న్యూరోసర్జరీ (మెదడు ఆపరేషన్ల) విభాగానికి వెళ్ళండి. ఆపరేషన్ ఎన్నాళ్ళు ఆగవచ్చో మొదట అడగండి, ఈ జబ్బులో పక్షవాతం భయం ఉంటుంది. అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రకు రేషన్ కార్డు చూపండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు, కానీ ఈ ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో ఆయనే చూసి చెప్పాలి.

లేకపోతే డాక్టరు సంతకంతో ఖర్చు అంచనా తీసుకుని, ఎమ్మెల్యే సిఫారసు లేఖతో ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎల్‌ఓసీ కోసం దరఖాస్తు చేయండి. అది చికిత్సకు ముందే ఇచ్చే హామీ పత్రం. ఆపరేషన్ అయ్యాక అడిగితే ఆ పత్రం రాదు, మేము దెబ్బతిన్నది అక్కడే. ఎమ్మెల్యే ఆఫీసులో "రేపు రండి" అంటారు, రోజూ వెళ్ళండి. కాగితాలన్నీ నాలుగేసి జిరాక్సులు తీసి ఉంచుకోండి.