టర్బో పెట్టిన మియాటా ఇంజన్‌కి రింగ్ గ్యాప్ ఎంత ఉంచాలి?

ట్రాక్ కోసం మాజ్డా మియాటా 1.8 ఇంజన్‌కి టర్బో పెడుతూ, కంపెనీ గ్యాప్‌తోనే (పిస్టన్ రింగు రెండు కొసల మధ్య వదిలే సందు) రింగులు ఎక్కించవచ్చా అని అడిగారు. వద్దు. బూస్ట్‌లో, అంటే టర్బో అదనపు గాలిని నెట్టేటప్పుడు, వేడికి రింగు సాగుతుంది. రెండు కొసలూ ఒకదానికొకటి తగిలాయంటే ఇక చోటుండదు. సిలిండర్ గోడ గీసుకుపోతుంది, పిస్టన్‌లో రింగు పైనున్న అంచు విరుగుతుంది.

ఫోర్జ్‌డ్ (లోహాన్ని నొక్కి గట్టిగా చేసిన) పిస్టన్లయితే బోరును, అంటే సిలిండర్ లోపలి వ్యాసాన్ని, 0.005–0.0055తో గుణించండి. ఇక్కడ బోరు 83 మి.మీ., కాబట్టి పై రింగుకి 0.42–0.46 మి.మీ. రెండోదానికి మరో 0.05 మి.మీ. ఎక్కువ. పిస్టన్‌తో వచ్చిన చార్టు వేరేగా చెబితే దాన్నే పాటించండి. ఏ సిలిండర్ రింగును ఆ సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్ తలతో వంకర లేకుండా 25 మి.మీ. లోపలికి నెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులు) కొలవాలి. ఆకురాయిని ఒక్క కొసమీదే, బయటి అంచు నుంచి లోపలికి నడపాలి. ఎదురు నడిపితే పూత పెచ్చులూడుతుంది.

గ్యాప్ ఎంత బాగున్నా నాక్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) వస్తే పిస్టన్ దక్కదు. ట్యూనింగ్‌ని వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా చూసే వాల్వ్) స్ప్రింగ్ ఒత్తిడి దగ్గరే మొదలుపెట్టండి. పెట్రోల్‌తో ఫుల్ బూస్ట్‌లో ఏఎఫ్ఆర్ (గాలి, ఇంధనాల నిష్పత్తి) 11.5 దగ్గర ఉంచి, బాగా తగ్గించిన టైమింగ్ (స్పార్క్ పడే సమయం) నుంచి ఒక్కో డిగ్రీ పెంచండి. టార్క్ పెరగడం ఆగినా, నాక్ జాడ కనిపించినా వెనక్కి తగ్గాలి.