మిగలని డబ్బుకు ముందే లెక్కలా?

ప్రశ్న: మూడు మంచినీటి చెరువుల్లో తిలాపియా పెంచుతున్నాను. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతోంది. కంపెనీ పెల్లెట్లు (గుళికల మేత) మానేసి వేరుశనగ చెక్క, తవుడు, డీడీజీఎస్ (ధాన్యంతో ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) కలిపి సొంతంగా మేత చేసుకుంటే కిలోకు 30 శాతం తక్కువ పడుతుంది. పెల్లెట్ మిషన్‌కి, పంటకు సరిపడా ఎనిమిది నెలల సరుకుకి ఇంటి కాగితాలు పెడితే నెలకు నూటికి రెండున్నర వడ్డీకి అప్పు దొరుకుతోంది. చేతిలో నెల రోజుల ఇంటి ఖర్చు ఉంది. మేత మీద మిగిలే డబ్బును సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) పెట్టమంటారా, ఇంకెక్కడైనా పెట్టమంటారా?

జవాబు: సిప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మిగులు ఎక్కడుందో చెప్పండి. ఇంకా కొనని చెక్కతో, ఇంకా బిగించని మిషన్‌లో చేసే మేత తిని, ఇంకా పెరగని చేపలు మిగల్చబోయే డబ్బు అది. దాన్ని నమ్ముకుని ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. మీరొక్కరే కాదు లెండి, కోళ్లవాళ్లు రాస్తారు, పాడివాళ్లు రాస్తారు, అందరిదీ ఇదే పొరపాటు: తగ్గుతుందనుకున్న ఖర్చును వచ్చేసిన ఆదాయం కింద రాసేసుకోవడం.

మీరు లెక్కేసింది కిలో మేత ధర. మీరు అమ్మేది చేప కాబట్టి చూడాల్సింది కిలో చేపకి ఎంత మేత పట్టిందని. ఇప్పుడు పెల్లెట్లతో 1.6 కిలోలు పడుతోందనుకుందాం. సొంత మేతతో అది 2 కిలోలకు చేరితే, చేరడం వింతేమీ కాదు, పెల్లెట్లకు 100 పెట్టే చోట మీకు అయ్యేది 70 కాదు, 87.50. సరుకంతా మొదటి రోజే అప్పు మీద కొంటారు గనక ఎనిమిది నెలలకు నూటికి 20 వడ్డీ, అంటే ఇంకో 17.50. మొత్తం 105. మిషన్ కిస్తీ, కరెంటు, కలిపే మనిషి కూలి నేనింకా వేయనే లేదు.

చవక సరుకులు పనికిరావని నేననడం లేదు. తిలాపియా, కార్ప్ లాంటి చేపలు మొక్కల ప్రొటీన్ మీద బాగానే పెరుగుతాయి, చేప పొడి చాలావరకు తగ్గించుకోవచ్చు. కాకపోతే ప్రతిదానికీ ఒక మెలిక ఉంది. వేరుశనగ చెక్కలో చేప ఎదగడానికి కావలసిన లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. పచ్చి సోయాను సరిగా వేడి చేయకపోతే ప్రొటీన్ అరగనివ్వదు. నీళ్ల మీద తేలే అజొల్లా మొక్క ఊరికే వస్తుందంటారు, నిజమే, కానీ పచ్చిదాంట్లో 90 శాతానికి పైగా నీళ్లే, గంపెడు ఎండబెడితే గుప్పెడవుతుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసింది ఎనిమిది నెలల చెక్కను ఒకేసారి గోదాములో పేర్చడం. బస్తాల కింద కర్ర పలకలు వేయక నేల తేమ తగిలిందంటే, మూడో నెలలో మూతి విప్పగానే ముక్కిన వాసన కొడుతుంది, గడ్డ కట్టిన ముక్క విరిస్తే లోపల పసుప్పచ్చగా పొడి బూజు. అందులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, ఎండబెట్టినా ఉడికించినా అంత తేలిగ్గా పోదు, చేప లివర్‌ని దెబ్బతీస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఆ బస్తా పారేయాలి. పారేస్తారా? అప్పు చేసి కొన్నదాన్ని పారబోయడానికి చేతులు రావు, మంచి బస్తాల్లో కలిపి వేసేస్తారు. నాకు చెరువుల్లేవు గానీ చెరువులవాళ్ల అప్పుల లెక్కలు చాలానే చూశాను.

ఎమర్జెన్సీ ఫండ్, ఎమర్జెన్సీ ఫండ్ అని నేను గోల పెట్టేది ఇందుకే. ఆపదకు పక్కన పెట్టుకునే ఆ డబ్బు ఆరు నెలల ఇంటి ఖర్చంత ఉండాలని జీతగాళ్లకు చెప్పే లెక్క మీకు చాలదు. మీకు డబ్బొచ్చేది పంటకోసారి, కాబట్టి ఒక పూర్తి పంటకాలం ఇంటి ఖర్చు, దాని మీద ఇంకో రెండు నెలలది ఉండాలి. ఇది కాక మూడు చెరువులకూ నెల రోజుల కంపెనీ మేత కొనగలిగే నగదు, వేరే ఖాతాలో. ఎందుకంటే ఇంట్లో చేసిన మేత నీళ్లలో త్వరగా విడిపోతుంది, చేప తినంది అడుగున కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది, తెల్లవారుజామున వెళ్లేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఆ పూట మేత ఆపి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్ తిప్పాలి, కుదుటపడ్డాక మంచి మేతకు మారాలి. చేతిలో నగదు ఉంటే ఒక్క ఫోన్‌తో పెల్లెట్లు వస్తాయి. లేకపోతే డీలర్ అరువిస్తాడు, ఇచ్చి పట్టుబడి రోజు చేప నాకే వేయాలంటాడు, రేటు కూడా ఆయనే చెబుతాడు. నెల రోజుల ఖర్చు చేతిలో పెట్టుకుని ఈ ప్రయోగానికి దిగుతారా మీరు?

ఆ అప్పు మాత్రం వద్దే వద్దు. నెలకు రెండున్నరంటే ఏడాదికి నూటికి 30. చెరువు మీద ఖాయంగా అంత మిగిలేదైతే ఆ అప్పిచ్చేవాడే చెరువు తవ్వుకునేవాడు.

చేయాలనే ఉంటే ఒక్క చెరువులో చేయండి, అక్కడ కూడా మేతలో నాలుగో వంతే మార్చండి. మిషన్ కొనకుండా కూలికి ఆడించుకోండి. సరుకు మూడు వారాలకు మించి తేవద్దు, అదీ చేతి డబ్బుతోనే. పదిహేను రోజులకోసారి వల వేసి తూకం చూసి ఎంత మేత పడింది, ఎంత బరువు పెరిగింది ఒక నోట్‌బుక్‌లో రాయండి. పక్క చెరువు లెక్క కూడా రాయండి, లేకపోతే దేంతో పోల్చుకుంటారు? పంటయ్యాక నిజంగా మిగిలింది ఏమైనా ఉంటే అది నేరుగా ఎమర్జెన్సీ ఫండ్‌లోకే.

చేపలకు బీమా దొరికితే తీసుకోండి, మేత వల్ల వచ్చే నష్టానికి వర్తిస్తుందో లేదో కాగితం చదివి మరీ. బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ (మేత లాంటి ఖర్చులకిచ్చే అప్పు) సంగతి ఆ ఫండ్ నిండాక చూద్దాం. సిప్ గురించి రెండు పంటలయ్యాక మళ్లీ రాయండి, ఆ నోట్‌బుక్ పేజీల ఫొటోలు కూడా జత చేసి.