వాడలోకి వెళ్ళబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన కథ అందాయి. నీ కథలోని పేదవాడు మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా మంచివాడు, దుఃఖితుడు. అంతకుమించి ఏమీ కాడు. అటువంటి మనిషి నాకు ఇన్నేళ్ళలో ఎక్కడా తారసపడలేదు. ఆ లోపం నీకూ తెలిసినట్టుంది. అందుకే నగరంలోని ఒక బస్తీలో రెండు వారాలు వాలంటీరుగా పనిచేసి కథావస్తువు తెచ్చుకుంటానని రాశావు. తప్పకుండా వెళ్ళు. అయితే ‘తెచ్చుకుంటాను’ అన్న మాట దగ్గర నేను కాస్త ఆగవలసి వచ్చింది.

వచ్చి, కష్టాలు అడిగి, రాసుకుని వెళ్ళిపోయినవారిని అక్కడివారు నీకంటే ముందే చాలామందిని చూసి ఉంటారు. నువ్వూ అలాగే అడిగితే అందరికీ అప్పజెప్పిన పాఠమే నీకూ అప్పజెబుతారు. అందుకని నోటుపుస్తకం ఇంట్లో పెట్టి, ఏదో ఒక చిన్న పనికి ఒప్పుకో: పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పడమో, ముసలివారికి ఆసుపత్రి వరుసలో తోడు నిలబడడమో, దరఖాస్తులు నింపడమో. నేను చేసింది ఈ చివరి పనే. చదువు రాకపోవడమే వాళ్ళకు అడ్డంకి అనుకుని కలం పట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే కలం పని పది నిమిషాలది. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒక కాగితంలో పేరు ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంటుంది. అద్దెకు రసీదు ఇవ్వరు కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఇంటికి కూడా చిరునామా రుజువు ఉండదు. ఆ తప్పు దిద్దించుకోవడానికి వెళ్ళవలసిన కార్యాలయం సరిగ్గా కూలికి వెళ్ళే వేళల్లోనే తెరిచి ఉంటుంది. ‘రేపు రండి’ అన్న రెండు మాటల ఖరీదు ఒక రోజు కూలి అని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ‘వీళ్ళు ఎందుకు అడగరు?’ అని అంతవరకూ విసుక్కున్నవాణ్ణి, ‘ఇన్నిసార్లు ఎలా అడగగలుగుతున్నారు?’ అని ఆశ్చర్యపోవడం అక్కడే మొదలైంది.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నా చేత దరఖాస్తు రాయించుకున్న ఒకావిడ మీద, ఆవిడను అడగకుండానే, కథ రాసి అచ్చు వేయించుకున్నాను. ఆవిడ కొడుకు దాన్ని చదివి వినిపించాడట. మరుసటి వారం ఆవిడ కోప్పడలేదు. ‘అయ్యా, ఇందులో నేను ఏడుస్తూనే ఉన్నాను, పనెప్పుడు చేసుకుంటాను?’ అని అడిగింది. రోజుకు మూడు ఇళ్ళలో పనిచేసి, వాడలో ఎవరు ఎవరికెంత బాకీయో కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి ఆవిడ. అవన్నీ నేను కళ్ళారా చూశాను, కానీ నా జాలికి పనికిరావని వదిలేశాను. అంత పదునైన విమర్శ నాకు ఆ తరువాత ఏ సభలోనూ ఎదురుకాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1882లో మాస్కో జనాభా లెక్కలకు టాల్‌స్టాయ్ స్వయంగా ముందుకు వచ్చి, పనిలో పనిగా సాయం కూడా చేయవచ్చునని పేదల వసతిగృహాలున్న ప్రాంతాన్ని ఎంచుకున్నాడు. అక్కడ ఎవరో వింత మనుషులు ఉంటారనుకుంటే, చాలామంది కష్టపడి బతుకుతున్న, తనవారి వంటి మనుషులే కనిపించారు. చివరికి ప్రశ్న తన జీవితం మీదికే తిరిగింది. షికాగోలో 1889లో సంఘసేవిక జేన్ ఆడమ్స్ తన స్నేహితురాలితో కలిసి వలస కార్మికుల పేటలో ‘హల్ హౌస్’ అనే సేవాకేంద్రం తెరిచినప్పుడు సాహిత్య పఠనాలు, చిత్రకళ వంటివి వెంట తీసుకువెళ్ళింది. ఆ పేటకు కావలసిన వాటిలో చెత్త ఎత్తడం కూడా ఒకటని అక్కడ నివసించాకే తెలిసింది. 1895లో ఆ వార్డుకు చెత్త తనిఖీ అధికారిగా నియమితురాలై, తెల్లవారుజామునే బండ్ల వెంట తిరిగింది. నేను ఆమెను తలచుకునేది ఆ బండ్ల కోసమే.

నీ కథలో ‘మురికివాడ’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. ఆ మాటలో తీర్పు ముందు, ఊరు తరువాత ఉన్నాయి. అక్కడ ఉండేవారు ‘మా వాడ’ అంటారు, ‘మా బస్తీ’ అంటారు. ఎదుటి వీధివారితో తగాదా వస్తే తప్ప మురికి మాట ఎత్తరు. ఆ మాట ఎవరి నోటిదో తెలిస్తే నీ కథ ఎవరి కిటికీలోంచి చూస్తున్నదో నీకే అర్థమవుతుంది.

రెండు వారాలు చాలవు. పిల్లలకు నీ పేరు అలవాటయ్యేసరికి నువ్వు మాయమైతే అది వాళ్ళకు మరొక వదిలివేత. వారానికి ఒక్క సాయంత్రమే అయినా సరే, ఏడాది పాటు తప్పకుండా వెళ్ళగలవేమో చూసుకో. వీలుకాదనుకుంటే ఆ సంగతి మొదటే చెప్పి, పిల్లలతో సంబంధం లేని పని అడుగు. అక్కడ విన్నదేదైనా రాయాలనిపిస్తే ఆ మనిషికి ముందు చదివి వినిపించు, వద్దంటే చించెయ్యి. ఈ కథను మాత్రం అప్పటిదాకా అచ్చుకు పంపకు. వచ్చే ఉత్తరంలో ఏ పనికి ఒప్పుకున్నావో, ఏ రోజు వెళ్తున్నావో రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి