ఆదివారం రాత్రి నోట్‌బుక్కులో ఏం రాయాలంటే

బుజ్జీ,

పలాస నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ నిదానంగా చదివాను. ఉద్యోగం ఉంది, అర్థం చేసుకునే భర్త ఉన్నాడు, పిల్లాడు ముద్దొస్తున్నాడు, అయినా లోపల ఏదో వెలితిగా ఉంటోందని రాశావు. రోజూ రాత్రి మూడు మంచి విషయాలు రాయమని ఎవరో చెబితే మొదలుపెట్టావనీ, కొన్నాళ్లకే అది ఇంకో హోంవర్కులా తయారైందనీ కూడా రాశావు. "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని రోజూ అవే మూడూ రాస్తే హోంవర్కు కాక ఏమవుతుంది తల్లీ! పద్ధతి మంచిదే, రాసే తీరు మార్చు.

ముందు రోజూ రాయడం మానెయ్. వారానికోసారి చాలు, ఆదివారం రాత్రి పిల్లాడు పడుకున్నాక. నేను ఊరికే చెప్పడం లేదు. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా సైకాలజిస్టులు తమ పరిశోధన ఫలితాలు ప్రచురించారు. అందులో కాలేజీ విద్యార్థుల చేత పది వారాల పాటు వారానికోసారి రాయించారు. కృతజ్ఞత కలిగించినవి రాసినవాళ్లు, చిరాకులు రాసినవాళ్ల కంటే తమ జీవితం గురించి తృప్తిగా చెప్పారు. తర్వాత సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే ఇంకో సైకాలజిస్టు చూసిన దాంట్లో, వారానికోసారి రాసినవాళ్లకు కలిగిన మేలు వారానికి మూడుసార్లు రాసినవాళ్లలో కనిపించలేదు. మరీ తరచుగా రాస్తే చెయ్యి రాస్తుంది గానీ మనసు అందులో ఉండదు.

ఇక ఏం రాయాలి? ఒక్కటే తీసుకో. దాని వెనక ఎవరి చెయ్యి ఉందో అక్కడిదాకా వెళ్లు. ఎలాగో చెప్తాను. జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో టెన్షన్ తగ్గించే శిక్షణ మొదలుపెట్టాడు. ఒక్క ఎండుద్రాక్షను ధ్యాస పెట్టి తినడం అందులో పేరుపడ్డ పాఠం. పలాస పిల్లవి, నీకు ఎండుద్రాక్ష ఎందుకు? మీ పెదనాన్న తెచ్చిన డబ్బాలోంచి ఒక గుండు జీడిపప్పు తీసి అరచేతిలో పెట్టుకో. ఫోన్ పక్క గదిలో పడెయ్. ఆ వంపు చూడు, రెండు బద్దలూ కలిసిన గీత చూడు, ఎక్కడైనా అంటుకుని మిగిలిన ఎర్ర పొట్టు చూడు. వాసన చూసి కొరుకు, వెంటనే మింగకు. ముందు పిండిలా ఉంటుంది, నములుతుంటే కమ్మని తీపి దిగుతుంది. ఈలోగా మనసు ఆఫీసుకు పోతుంది. పోనీ. తిట్టుకోకుండా మళ్లీ నాలుక మీదకు తెచ్చుకో.

ఇప్పుడు ఆ పొట్టు తీసిన మనిషిని తలుచుకో. కాశీబుగ్గలో పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని జీడి ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లను చిన్నప్పుడు చూశావు కదా. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్లు నల్లబడతాయి. పప్పు విరిగితే రేటు పడిపోతుంది. నీ అరచేతిలోకి అది గుండుగా వచ్చిందంటే, ఎవరో ఒకామె ఆ కాసేపు దాని మీదే ధ్యాస పెట్టి ఉంటుంది. నోట్‌బుక్కులో ఇది రాయి. రాస్తుంటే ఆమెకు గిట్టే కూలి ఎంత అన్న ఆలోచన కూడా వస్తుంది. రానీ, మంచిదే.

ఎందుకంటే ఉన్నదానితో సరిపెట్టుకోమని నోరు మూయించడాన్ని నేను కృతజ్ఞత అనను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. అలా తోట పోయిన రైతుతో "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అన్నవాళ్లున్నారు. ఆ సంగతి ఆయనకు తెలియదా? ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. అప్పట్లో కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్ల గురించి ఇక్కడివాళ్లు మంచిగా చెప్పుకున్నారు, తోట కోసం ఏడుస్తూనే చెప్పుకున్నారు. నువ్వూ అంతే. బాధగా ఉన్న వారం బాధగా ఉందనే రాయి. దాని కింద, వీలైతే, నీకు సాయపడ్డ ఒక చెయ్యి గురించి రాయి. వీలుకాకపోతే వదిలెయ్.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, పిల్లాణ్ణి ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోయినా నోట్‌బుక్కు మూసి డాక్టర్ని కలువు. కాన్పు తర్వాత అలా కావడం చాలామందిలో ఉంది, దానికి వైద్యం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

రోజూ చెయ్యాల్సింది చాలా చిన్నది. విశాఖ మద్దిలపాలెంలో సిగ్నల్ పడితే ఫోన్ తీయకు. పచ్చలైటు పడేదాకా ఊపిరి లోపలికి వెళ్లడం, బయటికి రావడం చూస్తూ కూర్చో.

రాసింది నోట్‌బుక్కులోనే ఉంచుకోకు, ఆ మనిషికి చెప్పు. మీ అత్తగారితో మొదలుపెట్టు. "థాంక్స్ అత్తయ్యా" అంటే ఆవిడ నవ్వేసి ఊరుకుంటుంది. "రాత్రి బాబు ఏడిస్తే మీరే లేచి ఎత్తుకున్నారు, అందుకే పొద్దున మీటింగ్‌లో నా కళ్లు మూతలు పడలేదు" అని చెప్పు. ఆవిడ వంటింట్లో పనిలో ఉన్నప్పుడు కాదు, కాఫీ తాగుతూ తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పు.

ఉంటాను,
మీ పెద్దమ్మ