శుద్ధి చేసిన నీటి ప్రణాళికలో ఊరిని కలుపుకోవడం ఎలా?

తణుకు దగ్గర మీ ఊళ్లో శుద్ధి చేసిన మురుగునీటి వాడకంపై ఇరవై ఏళ్ల ప్రణాళిక చదివి వినిపిస్తే, "ఆ నీళ్లు మా చేలకా?" అంటూ జనం లేచి వెళ్లిపోయారని రాశారు. అంతా ఖాయం చేసుకున్నాక పిలిస్తే వెళ్లక ఏం చేస్తారండీ!

మళ్లీ సభ పెట్టేముందు వాళ్లతో కలిసి మురుగు కాలువ వెంట దిగువ ఊళ్ల దాకా నడవండి. పంట కాలువలు కట్టేసే వేసవిలో అయితే మరీ మంచిది. నీటి విలువ అప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. భూమి యజమానులతో సరిపెట్టొద్దు. కౌలు రైతులు, చేపల చెరువుల వాళ్లు లేని సభ మన డెల్టాలో సగం సభే.

నీటి పరీక్ష ఫలితాలు నెలనెలా పంచాయతీ గోడ మీద రాయించండి. బీఓడీ (నీటిలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే కొలత) ఒక్కటే చాలదు, ఉప్పు, మల కోలిఫాం (మలం నుంచి నీటిలో చేరే బ్యాక్టీరియా) లెక్క కూడా ఉండాలి. పచ్చిగా తినే పంటలకు పెట్టే నీటిలో కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 1000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. ఇక ఉప్పు సంగతి: మామూలు శుద్ధితో అది పోదు. తీరం వైపు రైతులు ముందు అడిగేది అదే. మొదట పశుగ్రాసానికో కొబ్బరికో కొద్ది మేర వాడి చూద్దామంటే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు.

పదిహేనో ఏట మోటార్ల కరెంటు బిల్లు ఎవరు కడతారో తేలకుండా మాత్రం సంతకాలు అడగొద్దు.