ఈవోఎఫ్ రాసినా ముగియడం లేదు!

ప్రశ్న: బ్యాష్ స్క్రిప్టులో ఇఫ్ బ్లాకు లోపల క్యాట్ కమాండ్‌కి <<ఈవోఎఫ్ పెట్టి (మళ్లీ ఈవోఎఫ్ అనే లైను వచ్చేదాకా ఉన్నదంతా డేటా అని దాని అర్థం) కొన్ని లైన్లు ఇచ్చాను. నడిపితే స్క్రిప్టు చివరి లైన్లో సింటాక్స్ ఎర్రర్ అంటోంది. అక్కడ తప్పేమీ కనబడదు. ఇఫ్ తీసేసి రాస్తే బాగానే నడుస్తోంది. ఇంకో సందేహం: కీబోర్డు నుంచి డేటా ఇచ్చేటప్పుడు కంట్రోల్-డి ఒక్కోసారి రెండుసార్లు ఎందుకు నొక్కాల్సి వస్తుంది?

జవాబు: ఇఫ్ లోపల కదా అని ముగింపు ఈవోఎఫ్‌ని కూడా నాలుగు స్పేసులు లోపలికి జరిపి ఉంటారు. షెల్‌కి, అంటే కమాండ్లు చదివి నడిపే బ్యాష్‌కి, ఆ లైన్లో ఆ మాట తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముందు స్పేస్ ఉన్నా, వెనక ఉన్నా అది మామూలు డేటా లైనే. దాంతో కింద ఇఫ్‌ని మూసే ‘ఫై’ కూడా డేటాలో కలిసిపోయింది, ఇఫ్ మూతపడలేదు, ఎర్రర్ చివర్లో తేలింది. దానికి పైనే బ్యాష్ ఒక వార్నింగ్ ఇస్తుంది, డేటా మొదలైన లైను నంబరు అందులో ఉంటుంది. దయచేసి ముందు అది చదవండి.

ఈవోఎఫ్‌ని లైను మొదట్లోకి తెచ్చేయండి. లోపలికే ఉండాలనుకుంటే <<- వాడొచ్చు, కానీ అది లైను ముందున్న ట్యాబులనే తీసేస్తుంది, స్పేసులను కాదు. చాలా ఎడిటర్లు ట్యాబ్‌ని స్పేసులుగా మార్చేస్తాయి కాబట్టి నేను దాని జోలికి వెళ్లను. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలైతే లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే కనబడని అక్షరం ఉండొచ్చు, దానివల్లా ముగింపు గుర్తు కలవకపోవచ్చు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఒకసారి నేను ఇలాగే సెట్టింగుల ఫైలు రాయించాను. పాస్‌వర్డులో డాలరు గుర్తు, దాని వెనక ఉన్న అక్షరాలు మాయమయ్యాయి. షెల్ వాటిని వేరియబుల్ అనుకుంది, అలాంటి వేరియబుల్ లేదు కాబట్టి ఖాళీ పెట్టింది. లాగిన్ ఎందుకు కావట్లేదో తెలియక రాత్రంతా టెన్షన్ పడ్డాను. మొదట్లో <<'ఈవోఎఫ్' అని కోట్స్‌లో పెడితే డేటా ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. అప్పట్నుంచి కోట్స్ లేకుండా రాయాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇక కంట్రోల్-డి. అది డేటాలో చేరే అక్షరం కాదు. అప్పటిదాకా టైప్ చేసింది ప్రోగ్రాముకి వెంటనే ఇచ్చేయమని టెర్మినల్‌కి చెప్పడం. ఖాళీ లైన్లో నొక్కితే ఇవ్వడానికి ఏమీ ఉండదు, సున్నా బైట్లు అందుతాయి, ప్రోగ్రాము దాన్నే ముగింపుగా తీసుకుంటుంది. లైను మధ్యలో నొక్కితే ఆ సగం లైను మాత్రమే వెళుతుంది. అందుకే రెండోసారి నొక్కాలి. లేదా ముందు ఎంటర్ కొట్టి నొక్కండి, ఒక్కసారి చాలు.