ఆర్ట్ డెకో అంటే ఏమిటి? ఇప్పటి ఇళ్లలో దాన్ని ఎలా వాడుకోవచ్చు?

1925లో పారిస్‌లో అలంకార కళల అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. ఆర్ట్ డెకో అంటే భవనాలు, ఇంటి సామాన్ల డిజైన్‌లో ఒక శైలి; ఆ మాట ఆ ప్రదర్శన పేరులోంచే పుట్టింది. కాకపోతే జనం నోళ్లలో నానింది మాత్రం 1960ల్లో. అంతకుముందు నడిచిన ఆర్ట్ నూవో శైలిలో తీగలు, పూల మెలికలు ఎక్కువ. డెకో వాటిని పక్కనపెట్టి జిగ్‌జాగ్ గీతలు, మెట్లు మెట్లుగా సన్నబడే ఆకారాలు, సూర్యకిరణాల డిజైన్లు పట్టుకుంది.

ఒక్క చూపులో అర్థం కావాలంటే న్యూయార్క్‌లో 1930లో పూర్తయిన క్రైస్లర్ బిల్డింగ్ శిఖరం చూడండి. మెరిసే స్టీలు తొడిగిన వంపులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి, వాటి నిండా త్రికోణపు కిటికీలు. కింద 31వ అంతస్తు మూలల్లో కారు రేడియేటర్ మూతల్లాంటి బొమ్మలు! కట్టించింది కార్ల కంపెనీ అధిపతి మరి.

ఇక ఇంటీరియర్ సంగతి. ఇత్తడి అంచులు, నిగనిగలాడే చెక్క, వెల్వెట్ కుర్చీ, నలుపు-తెలుపు గళ్ల నేల, విసనకర్రలా విచ్చుకున్న అద్దం... అన్నీ ఒకే గదిలో కుక్కితే పాత సినిమా సెట్టులా తయారవుతుంది. నేనైతే ఒక అద్దం, ఒక లైటుతో ఆగుతాను. గోడలు సాదాగా ఉంటేనే ఆ గీతలు కంటికి ఆనతాయి.